మలుపు దగ్గర సీటీ

తెలంగాణ, ఆంధ్ర కలిసి ఒకే రాష్ట్రమైన ఏడే నాకు పెళ్లయింది. రెండు కలయికల్లో ఏది ఎక్కువ కాలం నిలబడుతుందో చూద్దామని మా మేనమామ పెళ్లి పందిట్లోనే వేళాకోళమాడాడు. ఆయనకు నోరు ఊరుకోదు. నాకూ ఊరుకోదు, ఆ పోలిక ఆయన దగ్గర్నుంచే వచ్చిందని మా అమ్మ అనేది.

నన్ను చేసుకున్నాయన బోధన్ దగ్గర చెరుకు ఫారంలో ఇంజన్ డ్రైవరు. డ్రైవరు అనేసరికి మా అమ్మ నిజామాబాద్ స్టేషన్లో బుసలు కొట్టే పెద్ద రైలును ఊహించుకుని వాడకట్టంతా చెప్పుకుంది. తీరా కాపురానికి వచ్చి చూస్తే, అది చెరుకు చేల మధ్య సన్న పట్టాల మీద నడిచే చిన్న ఆవిరి బండి. పొగగొట్టం ఒక్కటి అడ్డం రాకపోతే మా వాకిట్లో కట్టేసుకోవచ్చు. అందరూ దాన్ని బుడ్డది అనేవాళ్లు. నేను పుట్టింటికి రాసిన మొదటి కార్డులో ఈ సంగతి రాయలేదు. మా అమ్మ పరువు నేనెందుకు తీయాలి?

బుడ్డది చేసే పని ఒక్కటే, లాగడం. చేలల్లో నరికిన చెరుకును ఇనుప ట్రాలీల్లో నింపితే వాటిని వరసగా తగిలించుకుని ఫ్యాక్టరీ దాకా లాక్కుపోయేది. అక్కడ ఖాళీ చేశాక మళ్లీ చేలకు లాక్కొచ్చేది. దీపావళి దాటాక మొదలైన పని ఎండలు ముదిరేదాకా ఆగేది కాదు. వానాకాలమంతా షెడ్డులో విప్పి పెట్టి తుడిచి, గ్రీజు పూసి, మళ్లీ బిగించేవాళ్లు. దసరాకు పొగగొట్టానికి పసుపు రాసి బొట్లు పెట్టేవాళ్లు. బొగ్గు వేసే ఆయన బోధన్ ముసల్మాను, పెద్ద మనిషి. మేమంతా భాయి అని పిలిచేవాళ్లం. ఆయన మా పూజ అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత తన లోబాన్ సాంబ్రాణి పొగ వేసేవాడు. ఆవిరి సరిగ్గా ఎక్కకపోతే, "బుడ్డది ఇయ్యాల అలిగింది డ్రైవర్ సాబ్, జర బుజ్జగియ్యుండ్రి" అనేవాడు.

మా ఆయన బుజ్జగించేవాడు కూడా. నన్ను అలా బుజ్జగించిన గుర్తు లేదు. మాటలు తక్కువ మనిషి. ఇంజన్ చప్పుడుకు చెవులు కొంచెం దెబ్బతిన్నాయి కాబట్టి మాట్లాడే శ్రమ ఇంకా తగ్గింది. ఏదన్నా అడిగితే తల ఊపేవాడు. అవుననో కాదనో నేనే చూసుకోవాలి.

పెళ్లయిన రెండో ఏడు మాకు బిడ్డ పుట్టింది. మా క్వార్టర్లు పట్టాలకు దగ్గరే. ఫారం వైపు నుంచి వచ్చే దారి మా ఇంటి ముందు ఒక మలుపు తిరిగి ఫ్యాక్టరీ వైపు పోతుంది. పిల్ల గడప దాటే వయసు వచ్చాక, ఆయన ఆ మలుపు దగ్గరికి రాగానే ఒక చిన్న కూత వేసేవాడు. బండి కదిలేటప్పుడు వేసే పని కూత పొడుగ్గా సాగుతుంది. ఇది అలా కాదు, ఇలా అందుకుని అలా వదిలేసేది. అది వినపడితే చాలు, పిల్ల చేతిలో ఏమున్నా పారేసి గడపలోకి ఉరికేది. "బాపు సీటీ, బాపు సీటీ" అని రెండు చేతులూ ఎత్తేది. ఆయన పొగలోంచి చెయ్యి ఊపేవాడు. ఇంటికొస్తే నోరు విప్పని మనిషి, రోజంతా దాంతో అలా మాట్లాడుతూనే ఉండేవాడు. నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

నాలుగేళ్లు నిండాక పిల్లకు జ్వరం వచ్చింది. గొంతు పూడుకుపోయింది. ఆస్పత్రిలో చేయగలిగింది చేశారు. పిల్ల దక్కలేదు.

ఈ రెండు మాటల మధ్య జరిగింది రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాయడానికి ఏమీ దొరకలేదు. నాకు గుర్తున్నది ఆస్పత్రి బయట ఎవరో జామపండ్లు అమ్ముతుండటం, నేను వాటి ధర అడగడం. ఎందుకు అడిగానో తెలియదు. కొనలేదు.

చిన్నపిల్లలను మాలో కాల్చరు, మట్టిలో పెడతారు. మలుపుకు అవతల పట్టాల పక్కన సాగులో లేని చిన్న ముక్క ఉంది, సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేవు. అక్కడ ఆయనా భాయీ కలిసి తవ్వారు. ఆడవాళ్లు రాకూడదని నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. చెరుకు నరికే రోజులు కావడంతో మర్నాడే ఆయన పనిలోకి పోయాడు. పోవద్దని నేనూ అనలేదు. పోకపోతే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి.

ఆ మధ్యాహ్నం మలుపు దగ్గర చిన్న కూత వినిపించింది. నేను అలవాటుగా గడప వైపు చూశాను. ఎండ తప్ప అక్కడేమీ లేదు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. తిమ్మిరెక్కినప్పుడు మన కాలు మనది కానట్టుంటుంది చూడండి, నాకు మనిషి మనిషంతా అలా అయింది. లేచి అన్నం వార్చాను. ఆ తిమ్మిరి అప్పుడే పోతుందనుకున్నాను కానీ పోలేదు.

ఆ తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్లకు ఏ లోటూ చేయలేదు. తలంటాను, బడికి పంపాను, తప్పు చేస్తే రెండు తగిలించాను. పక్కింటి వాళ్లు బాగా పెంచుతున్నావనేవాళ్లు. నాకైతే ఎవరి పిల్లలనో చూసుకుంటున్నట్టుండేది.

ఆయన ఆ బిడ్డ పేరు మళ్లీ ఎత్తలేదు. పేరే కాదు, బిడ్డ అనే మాట కూడా ఇంట్లో అనలేదు. నేను ఒకటి రెండుసార్లు కదిపి చూశాను. తల ఊపాడు. అది అవునో కాదో నాకు తేలలేదు, నేనూ విడిచిపెట్టాను. కానీ మలుపు దగ్గర కూత మాత్రం ఆగలేదు. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. రోజూ ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు. మా ఇద్దరి మధ్య ఆ పిల్ల గురించి నడిచిన మాట అదొక్కటే. వానాకాలం బుడ్డది షెడ్డులో పడుకుంటే ఆ కాస్త మాటా ఉండేది కాదు. ఆ నెలల్లో నాకు అసలు ఆడపిల్ల పుట్టిందా అనిపించేది. ఆయన నోటితో ఒక్కసారి దాని గురించి అంటే చాలు, పుట్టింది నిజమేనని నాకు తెలుస్తుంది. అంతకు మించి నేను కోరింది ఏమీ లేదు. అది మాత్రం జరగలేదు.

ఒక ఏడు చెరుకు ఎక్కువ రావడంతో బుడ్డదాన్ని రెండు డ్యూటీల మీద నడిపారు. ధర్పల్లి వైపు నుంచి వచ్చిన ఒక కొత్తాయన మా ఆయన వెంట కొన్నాళ్లు తిరిగి పని నేర్చుకుని, రెండో డ్యూటీ ఎక్కాడు. ఆ మొదటి రోజు మా ఆయన ఇంట్లో కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చట్నీ వేస్తున్నాను. మలుపు దగ్గర చిన్న కూత వినిపించింది.

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. నా చేతిలో గంటె ఆగిపోయింది. మనిషి నా ముందు ఉన్నాడు, కూత అక్కడి నుంచి వచ్చింది.

"నువ్వు ఈడున్నవు. గాడ ఎవలు కొట్టిండ్రు?" అన్నాను.

"కొత్తాయన," అన్నాడు.

"ఆయనెందుకు కొడ్తడు?"

"నా ఎంబడి నేర్సుకున్నడు గద. గాడ కొట్టాలనుకుంటున్నడు. రూలనుకుంటున్నడు."

"మరి చెప్పకపోయినవా?"

ఆయన రొట్టె ముక్క తుంచాడు. "ఏమని చెప్పాలె?" అన్నాడు.

చెప్పాలంటే పిల్ల సంగతి తీయాలి. అది ఇద్దరికీ చేతకాదు. అలా ఆ రూలు నిలబడిపోయింది. కొత్తాయన దగ్గర ఇంకొకాయన నేర్చుకున్నాడు, ఆయనా కొట్టాడు. ట్రాలీల మీంచి చెరుకు గడలు లాగే పిల్లలను బెదిరించడానికి కొడతారని ఒకరు, పట్టాలు దాటే ఎడ్లబండ్ల కోసమని ఒకరు, ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పుకున్నారు. చివరికి ఫారం అధికారి ఒకాయన కొత్తగా వచ్చి, ఇంత ముఖ్యమైన చోట గుర్తు లేకపోతే ఎలాగని, సీతాఫలం పొదల పక్కన ఇనుప కడ్డీ పాతించి బోర్డు పెట్టించాడు. పైన ఉర్దూలో, కింద తెలుగులో 'సీటీ కొట్టాలె' అని పెద్ద అక్షరాలు. సున్నం కొట్టిన రాళ్లు కూడా చుట్టూ పేర్పించాడు.

ఆ బోర్డు చూసి నేను నవ్వాను. నిజంగానే నవ్వాను, భాయి భార్య నా మొహం వైపు వింతగా చూసింది. జమీందార్లకు కూడా సమాధి మీద ఉర్దూ, తెలుగు రెండూ రాయించుకునే యోగం పట్టదు. నా పిల్లకు దొరికింది. ఎవరి కోసమో ఎవరికీ తెలియకపోయినా, ఎండనకా చలి అనకా మనుషులు దాన్ని పలకరించి పోతున్నారు. మా ఆయన ఆ బోర్డు గురించి కూడా ఏమీ అనలేదు. రోజూ దాని ముందునుంచే పోయేవాడు, రూలు ప్రకారం కొట్టేవాడు.

డెబ్భైల్లోకి వచ్చాక లారీలు, ట్రాక్టర్లు పెరిగాయి. చేను గట్టు దాకా లారీ వస్తుంటే పట్టాలెందుకు, బొగ్గెందుకు అన్నారు. మొదట ఒక డ్యూటీ ఆపారు, తర్వాత రెండోదీ ఆపారు. పట్టాలు పీకి కుప్పలేశారు. మలుపు దగ్గరి బోర్డు కూడా ఆ ఇనుములోనే పోయింది. సీతాఫలం పొదలు కొట్టేసి ఆ ముక్కనూ కలిపి దున్ని చెరుకు నాటారు. తప్పని నేను అనను, వాళ్లకది బీడు. నేను గడపలో నిలబడి నాగలి చాలు తిరగడం చూశాను. ఆయనా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఏమన్నా అంటాడేమోనని చూశాను. బీడీ ముట్టించుకున్నాడు.

బుడ్డదాన్ని తుక్కు కింద అమ్మేస్తారనుకున్నాం. జక్రాన్‌పల్లి వైపు పసుపు పండించే ఒక పటేలు వచ్చి కొన్నాడు. పసుపు తవ్వాక దుంపలను ఉడకబెట్టి ఎండబెట్టాలి. అందరూ పెద్ద పెద్ద కడాయిల్లో నీళ్లు పోసి మంట పెట్టి ఉడకబెట్టేవాళ్లు. ఈయనకు ఎక్కడో కొత్త ఆలోచన తగిలింది. నీళ్లు వద్దు, ఆవిరి పడితే తొందరగా ఉడుకుతుంది, రంగూ నిలుస్తుందని. ఆవిరి పుట్టించేది కావాలి కాబట్టి ఇంజన్ కొన్నాడు. కట్టెపుల్ల కోసం అడవి కొన్నట్టుందని ఆయన ఊళ్లో నవ్వుకున్నారట. బండి కొన్న పటేలు, దాన్ని నడిపే మనిషి కూడా కావాలని మా ఇంటికి వచ్చాడు.

మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సరేనని తల ఊపాడు. ఈసారి అది అవునని నాకు స్పష్టంగా తెలిసింది.

పటేలు పోయాక నాకు కోపం ఆగలేదు. "లారీల మీద పని ఇస్తమన్నరు గద. గీడ ఇల్లుంది, పిల్లల బడి ఉంది. ఎక్కడికి పోతవు?" అన్నాను.

"దానికి నేను తప్ప ఎవలున్నరు?" అన్నాడు.

ఇనుప ముద్ద గురించి ఆ మాటన్నాడు. దున్నేసిన ఆ ముక్కను వదిలి పోవడం గురించి ఏమీ అనలేదు. నాకు ఆ రోజు ఆయన మీద పుట్టినంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు. అయినా మూటలు కట్టాను. అసహ్యమేసినా మూటలు కట్టుకోవాలి కదా.

బుడ్డదాన్ని లారీకి ఎక్కించి, దాని పక్కనే మా సామాను పెట్టారు. పిల్లలూ నేనూ బియ్యం బస్తాల మీద కూర్చున్నాం. నిజామాబాద్ బజారులో లారీ ఆగితే జనం మూగారు. హోటలు ముందు చాయ్ తాగుతున్న ఒక ముసలాయన, "ఏం జమానా అమ్మా, రైలు సుత లారీ టికెట్టు కొనుక్కుంటుంది" అన్నాడు. మా పిల్లలు నవ్వారు. మా ఆయన ఇంజన్‌ను ఆనుకుని కూర్చున్నాడు, వినపడలేదు.

పటేలు కళ్లంలో బుడ్డదాని చక్రాలు విప్పేసి, ఇటుకల దిమ్మె మీద కూర్చోబెట్టారు. ఆవిరి పోయే గొట్టాలను తీసి పెద్ద ఇనుప పీపాలకు కలిపారు. పీపాల అడుగున బెజ్జాలు. పచ్చి పసుపు నింపి మూత పెట్టి ఆవిరి వదిలితే కాసేపట్లో ఉడికేది. చీపురుపుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి, అది గుర్తు. మాకు కళ్లం పక్కనే గది ఇచ్చారు. ఆయన ఆవిరి దగ్గర, నేను ఆడవాళ్లతో పాటు ఉడికిన పసుపు పరిచే దగ్గర. కొన్నాళ్లకు నా చేతులు, చీర అంచులు అన్నీ పచ్చబడ్డాయి. ఇంజన్ ఎక్కడికీ కదలదు. ఆయన మాత్రం పొద్దున్నే వచ్చి, నడపడానికి పోతున్నట్టే నీళ్ల గాజుగొట్టం చూసి, గుడ్డతో పిడులు తుడిచి, నిలబడేవాడు. మలుపూ లేదు, కూతా లేదు. మాకు మిగిలిన ఆ ఒక్క మాటా పోయింది. నేను పసుపు పరుస్తుండేదాన్ని.

పటేలు చెడ్డవాడు కాదు కానీ డాబు మనిషి. పసుపు ఉడికిన ప్రతిసారీ సీటీ కొట్టాలన్నాడు. దూరంగా చేలో ఉన్న కూలీలు అది విని పీపాలు దింపడానికి వస్తారు. పైగా నవ్వినవాళ్లంతా వినాలి. మా ఆయన తల ఊపాడు, కొట్టలేదు. మర్నాడు పటేలు మళ్లీ చెప్పాడు. ఈయన మళ్లీ తల ఊపాడు, కొట్టలేదు. చెవులు వినపడవు కాబట్టి అర్థం కాలేదనుకుని పటేలు నన్ను పిలిచి చెప్పాడు. నేను గట్టిగా చెప్పాను. ఆయన నా వైపు చూసి పిడి తుడుచుకున్నాడు. పటేలుకు కోపమొస్తే పనీ పోతుంది, గదీ పోతుంది. బోధన్‌లో మా చోట్లో వేరేవాళ్లు చేరిపోయారు. అది ఆయనకూ తెలుసు.

ఒక పొద్దున పటేలు చుట్టాలను వెంటేసుకుని వచ్చాడు. పీపాలు దింపే వేళ అయింది.

"కొట్టు డ్రైవర్ సాబ్, ఇనిపిద్దం," అన్నాడు.

ఆయన కదలలేదు. చుట్టాల ముందు పటేలు మొహం ఎర్రబడింది. తనే దిమ్మె ఎక్కి కూత తాడు అందుకోబోయాడు. మా ఆయన ఆ మణికట్టు పట్టుకున్నాడు. పటేలు చెయ్యి కూలి పట్టుకోవడం! ఆడవాళ్లంతా పసుపు పరచడం ఆపేశారు.

"వద్దు పటేలా," అన్నాడు ఆయన. చెవిటివాళ్లకు గొంతు ఎంత పెంచుతున్నామో తెలియదు, కళ్లమంతా వినపడింది. "గది పని సీటీ కాదు. గది నా బిడ్డ సీటీ. సచ్చిపోయింది. దానికి తప్ప ఎవలకు కొట్ట."

పటేలు కాసేపు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత దిమ్మె దిగి, "రేకు పళ్లెం ఉంటే తీసుకచ్చి కొట్టుండ్రి," అని ఎవరికో చెప్పి, చుట్టాలను కాలువ వైపు తీసుకుపోయాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పక్కనున్న ఆడవాళ్లు నా వైపు చూస్తున్నారు. నేను వంగి పసుపు పరుస్తూనే ఉన్నాను. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట అది. విన్నాను. ఏదో కావాలి కదా, నాకేమీ కాలేదు. ఒక్క సంగతి మాత్రం పంటికింద రాయిలా తగిలింది. సాయంత్రం పని దిగి ఇద్దరం సరుకులకు అంగడి బాట పట్టినప్పుడు దాన్ని అడిగేశాను.

"ఏమయ్య, నా బిడ్డ అన్నవు. నీ ఒక్కనికే పుట్టిందా?"

ఆయన ఆగి నా పెదవుల వైపు చూశాడు. మళ్లీ అడగాలేమో అనుకున్నాను.

"మన బిడ్డనే," అన్నాడు. నాలుగడుగులు వేశాక, "దానికి గదువ మీద పుట్టుమచ్చ ఉండె. ఎడమ దిక్కు," అన్నాడు.

"కుడి దిక్కు," అన్నాను.

"ఎడమ. ఎత్తుకుంటె నా దిక్కే ఉంటుండె."

"ఏ చేత్తోని ఎత్తుకుంటుంటివి?"

ఆయన తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. ఒకదాన్ని మడిచాడు, దాన్ని దించి ఇంకోదాన్ని మడిచాడు. ఏ చేత్తోనో చెప్పలేకపోయాడు. నేను జడ వేసేటప్పుడు దాన్ని అద్దం ముందు కూర్చోబెట్టేదాన్ని. నాకు గుర్తున్న మొహం అద్దంలోదో, అద్దం బయటిదో నాకూ తేలలేదు. తేల్చడానికి ఫోటో లేదు. అడుగుదామంటే చూసినవాళ్లెవరూ ఆ చుట్టుపక్కల లేరు. దాని మొహం ఎరిగినవాళ్లం ఆ బాట మీద మేమిద్దరమే, ఇద్దరికీ సరిగ్గా తెలియదు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నడిబాట మీద, ఎడ్లబండ్లు పక్కనుంచి పోతుండగా కింద కూర్చుండిపోయాను. ఆయన నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నేను ఏడుస్తూనే కుడి అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ, ఎడమ అన్నాడు.